మూడో ఫేజు

ఇక్కడ నేను చిన్నపిల్లని.
అరవై ఏడేళ్ల నన్ను "ఏయ్ అమ్మాయ్" అనేవాళ్లు
ఒక్క బి బ్లాకులోనే పదకొండు మంది.
దొడ్డబళ్ళాపురం రోడ్డు మీద ఆరువందల నలభై గడపలు,
ఒక్క ఇంటికీ గడప లేదు.
కాలు తట్టుకుంటుందని నేలంతా సమం చేసేశారు.

ముప్ఫై మూడేళ్లు టెలిఫోను ఫ్యాక్టరీలో
వేళ్ల చివర్లు మొద్దుబారేదాకా టంకం పెట్టాను.
సైరను కూస్తే లేచాను, సైరను కూస్తే తిన్నాను.
ఇప్పుడు ఏడున్నరకి దుప్పట్లోంచి ఒక కాలు బయటపెట్టి
చలి ఎంతుందో చూసి
మళ్లీ లోపలికి లాక్కుంటాను.
అడిగేవాళ్లు లేరు.
జాలి పడకండి, ఆ మాట పండగలా అంటున్నాను.

"ఈ వయసులో హాస్టల్లో చేరావా అక్కా"
అని మా చెల్లెలు ఫోన్లో ఏడ్చింది.
చేరాను.
పదహారేళ్లప్పుడు నాన్న పంపనన్న హాస్టలే ఇది.

బుధవారం పెసరట్టు, శుక్రవారం బిసిబేళెబాత్.
గిన్నెలు తోమని చేతికి గోళ్లు పెరిగాయి,
రంగు కూడా వేశాను, ఉల్లిపొర రంగు.
కల్నల్ బోపయ్యగారు క్యారమ్స్‌లో తొండి చేస్తారు,
తొంభై దాటాక తప్పులేదంటారు.
నోటీసు బోర్డు మీద ఒకే గుండుసూదికి
టేబుల్ టెన్నిస్ ఫలితాలూ
ఎ-212 వారి పదకొండోరోజు కబురూ.
గాలికి ఏ కాగితం పైకొస్తే అది చదువుకుంటాం.

మొదటి ఫేజు నిండింది.
రెండోది పునాదుల్లోనే అమ్ముడుపోయింది.
ఆదివారాలు కార్లలో వస్తారు, యాభై ఏళ్లవాళ్లు,
అమ్మ కోసం కాదు, నాన్న కోసం కాదు, తమకే.
బాత్రూములో స్టీలు కడ్డీల్ని
సంతలో ఎద్దు కొమ్ముల్లా ఊపి చూస్తారు.
మూడో ఫేజుకి మిగిలిన ద్రాక్షతోట పోతుంది.

ఆ తోట మునివెంకటప్పది.
ఇప్పుడు కాదు.
ఇప్పుడతను రాత్రి డ్యూటీ వాచ్‌మన్,
నాకంటే రెండేళ్లు పెద్ద.
"తిండి అయ్యిందా అమ్మా" అంటాడు,
కన్నడం వాసన వేసే తెలుగులో.
"మీ టెన్నిస్ బల్ల కిందనే మా బాయి ఉండేది,
పది నిలువుల బాయి."
కోపంగా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.
డబ్బేమైందని నేనడగలేదు.
నలుగురు అన్నదమ్ములు, ఒక కోర్టు, ఒక ట్రాక్టరు
అని అతనే లెక్కచెప్పి నవ్వాడు.

మొన్న మంగళవారం తెల్లారగట్ల
తువాలు అనుకుని ఎర్రతాడు లాగేశాను.
కింద గంట మోగింది.
లిఫ్టు రిపేరులో ఉంది.
నాలుగంతస్తులూ మునివెంకటప్ప పరిగెత్తుకొచ్చాడు.
తడితలతో, నైటీలో, నిక్షేపంగా నేను.
"ఏమీ కాలేదు కదమ్మా" అంటూనే
గోడకి ఆనుకుని జారి కూర్చున్నాడు.
పెదాలు నేరేడుపండు రంగు.
మొద్దుబారిన వేళ్లతో నాడి వెతికాను,
దొరికింది, తప్పింది, దొరికింది.
ఈసారి తాడు తెలిసే లాగాను.

నర్సు వచ్చింది, చక్రాల కుర్చీ వచ్చింది,
అట్టకి బిగించిన ఫారం వచ్చింది.
"రెసిడెంటేనా? ఫ్లాట్ నంబరు?"
నాది చెప్పబోయాను.
అతను కళ్లు తెరవకుండానే
బళ్లో హాజరు పలికినట్టు
"నూటపద్నాలుగు బై మూడు" అన్నాడు.
"అలాంటి ఫ్లాట్ లేదే" అంది ఆ పిల్ల.
"సర్వే నంబరు" అన్నాను.
ఫారంలో ఆ గడి లేదు.

బతికాడు.
నెల సెలవు, జీతం లేకుండా.
అతని కుర్చీలో ఎవరో కుర్రాడు, చెవుల్లో వైర్లు పెట్టుకుని.

నిన్న మా చెల్లెలు వచ్చింది.
కారిడార్లో రెండుసార్లు అటూ ఇటూ నడిచింది,
పెసరట్టు ఇంకొకటి వేయించుకుంది,
బాత్రూములోకెళ్లి కడ్డీ ఊపి చూసింది.
"మూడో ఫేజులో నాకొకటి చెప్పి ఉంచవే" అంది,
నా మొహం చూడకుండా.

కళ్లజోడు తెచ్చుకోలేదు తను.
ఫారం నేనే నింపాను.
గడులన్నీ సరిపోయాయి.